పెర్ఫార్మెన్స్ కారుకి మాన్యువల్ బెటరా, ఆటోమేటిక్ బెటరా? ఖమ్మం - భద్రాచలం - మారేడుమిల్లి రూట్‌లో లెక్క వేసి చూద్దాం

కొత్తగా జీతం అందుకుంటున్న కుర్రాళ్లలో చాలామంది ఇప్పుడు మైలేజీ ఒక్కటే చూసి కారు కొనట్లేదు. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, టాటా ఆల్ట్రోజ్ రేసర్, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ లాంటి టర్బో పెట్రోల్ కార్ల మీద మనసు పడుతోంది. కారు ఫైనల్ అయ్యాక ఒక ప్రశ్న దగ్గర మాత్రం అందరూ ఆగిపోతారు. గేర్లు మనమే మార్చుకునేది తీసుకోవాలా, దానంతట అదే మార్చుకునేది తీసుకోవాలా?

ఈ ప్రశ్నకి హైదరాబాద్ ట్రాఫిక్ లెక్కలో సమాధానం చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మనం వేరే రోడ్డు తీసుకుందాం. ఖమ్మంలో బయల్దేరి వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం. అక్కడి నుంచి పాల్వంచ, సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కితే భద్రాచలం. ఇంకా ముందుకెళ్తే ఆంధ్రప్రదేశ్‌లోని ఎటపాక, చింతూరు, ఆ తర్వాత మారేడుమిల్లి ఘాట్. రెండు వరసల రోడ్డు, బొగ్గు లారీలు, కర్ర లోడు లారీలు, ఎండ, అడవి, మలుపులు, సిగ్నల్ లేని చోట్లు... గేర్‌బాక్స్‌కి పెట్టాల్సిన పరీక్షలన్నీ ఈ ఒక్క రూట్‌లోనే ఉన్నాయి. ఒక్కో పరీక్షలో ఏది ఎలా పాసవుతుందో చూద్దాం.

ముందు బేసిక్స్: ఆటోమేటిక్ అంటే ఒక్కటే కాదు

షోరూంలో అన్నిటినీ కలిపి "ఆటోమేటిక్" అనేస్తారు. లోపల మాత్రం నాలుగు రకాలున్నాయి.

ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మన బదులు చిన్న యాక్చుయేటర్లు చేస్తాయి. చవక, సింపుల్. కానీ గేరు మారే ప్రతిసారీ చిన్న గ్యాప్ వస్తుంది, తల ముందుకి ఊగుతుంది. స్పోర్టీ డ్రైవింగ్‌కి ఇది పనికొచ్చేది కాదు.

సీవీటీలో గేర్లే ఉండవు. రెండు పుల్లీలు, మధ్యలో ఒక బెల్టు. సాఫీగా వెళ్తుంది. గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుస్తుంది, వేగం మాత్రం నిదానంగా పెరిగినట్టు ఉంటుంది.

టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్ పనిచేస్తుంది. నెమ్మదిగా పాకే ట్రాఫిక్‌ని, వేడిని బాగా తట్టుకుంటుంది. ఈ రోజుల్లో వచ్చే 8-స్పీడ్ యూనిట్లు చాలా చురుగ్గా కూడా ఉంటాయి.

డీసీటీ అంటే డ్యూయల్ క్లచ్. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు దీన్నే డీఎస్‌జీ అంటారు, పోర్షే వాళ్లు పీడీకే అంటారు. ఇందులో రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి బేసి గేర్లకి, ఇంకోటి సరి గేర్లకి. మీరు మూడులో వెళ్తుంటే నాలుగు అప్పటికే రెడీగా ఉంటుంది. ఒక క్లచ్ వదలడం, ఇంకోటి పట్టుకోవడం అంతే. ఫోన్‌లో రెండో యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో ముందే లోడ్ అయి ఉన్నట్టన్నమాట. అందుకే పెర్ఫార్మెన్స్ కార్లలో ఆటోమేటిక్ అంటే ఎక్కువగా ఇదే.

మన బడ్జెట్‌కి దగ్గర్లో ఉన్నవి చూస్తే, ఐ20 ఎన్ లైన్‌లో 1.0 లీటర్ టర్బో ఇంజిన్ 120 పీఎస్ పవర్, 172 ఎన్ఎం టార్క్ ఇస్తుంది. 2023 ఫేస్‌లిఫ్ట్ దీన్ని 6-స్పీడ్ మాన్యువల్, 7-స్పీడ్ డీసీటీ రెండిటితోనూ తెచ్చింది. వర్టస్ 1.5 టర్బో 150 పీఎస్, 250 ఎన్ఎం. దీనికీ 6-స్పీడ్ మాన్యువల్, 7-స్పీడ్ డీఎస్‌జీ వచ్చాయి. 2024 జూన్‌లో విడుదలైన ఆల్ట్రోజ్ రేసర్ (120 పీఎస్, 170 ఎన్ఎం) మాత్రం 6-స్పీడ్ మాన్యువల్‌తోనే వచ్చింది. వేరియంట్లు తరచూ మారుతుంటాయి కాబట్టి బుకింగ్‌కి ముందు షోరూంలో ఒకసారి కన్ఫర్మ్ చేసుకోండి.

స్పెక్ షీట్‌లో గెలిచేది ఎవరు?

సూటిగా చెప్పాలంటే డీసీటీనే. ఈ పోటీ ఎప్పుడో ముగిసింది. 1989లో ఫెరారీ తన ఎఫ్1 కారు 640కి స్టీరింగ్ వెనక ప్యాడిళ్లతో సెమీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టింది. మొదటి రేసు బ్రెజిల్‌లోనే నైజెల్ మాన్సెల్ దాంతో గెలిచాడు. కొన్నేళ్లలో గ్రిడ్ మొత్తం అదే దారి పట్టింది.

రోడ్డు కార్లలో దీనికి మంచి ఉదాహరణ పోర్షే 911 జీటీ3. 2021లో వచ్చిన మోడల్ పీడీకేతో 0 నుంచి 100 కి.మీ. వేగానికి 3.4 సెకన్లలో చేరుతుంది. అదే కారు 6-స్పీడ్ మాన్యువల్‌తో 3.9 సెకన్లు తీసుకుంటుంది. తేడా అర సెకను. అయినా పోర్షే మాన్యువల్‌ని తీసేయలేదు. నిజానికి 2013లో జీటీ3ని పీడీకేతో మాత్రమే తెచ్చి చూసింది. అభిమానులు ఒప్పుకోలేదు. 2017 మోడల్‌కి మాన్యువల్ మళ్లీ వచ్చింది. నెమ్మదిగా వెళ్లే గేర్‌బాక్స్‌ని కస్టమర్లు అడిగి మరీ వెనక్కి తెప్పించుకున్నారంటే, వాళ్లు కొంటున్నది స్టాప్‌వాచ్ అంకె కాదని అర్థం.

అయితే జీటీ3 పరుగెత్తేది ట్రాక్ మీద. మన జూలూరుపాడు రోడ్డు మీద 0-100 అంకెతో పనేముంది? ఇక్కడ కావాల్సింది ఇంకో అంకె.

పరీక్ష 1: లారీ వెనక 40, ముందు ఖాళీ 200 మీటర్లు

రెండు వరసల రోడ్డు మీద అసలు పెర్ఫార్మెన్స్ అంటే 40 నుంచి 80 కి.మీ. వేగం ఎంత త్వరగా అందుకుంటుందన్నదే. చిన్న లెక్క చేద్దాం.

లారీ 40లో వెళ్తోంది. మీరూ వెనకే 40లో ఉన్నారు. పక్కకి వచ్చి 5 సెకన్లలో 80కి చేరారనుకోండి. ఆ 5 సెకన్లలో మీరు సుమారు 83 మీటర్లు వెళ్తారు, లారీ 55 మీటర్లు వెళ్తుంది. అంటే లారీ కన్నా 28 మీటర్లు ముందుకొచ్చారు. లారీ పొడవు, ముందూ వెనకా కాస్త గ్యాప్ తీసేస్తే సరిగ్గా దాటినట్టు. ఇదే టైంలో ఎదురుగా 80లో వచ్చే కారు 111 మీటర్లు మీ వైపు వచ్చేస్తుంది. మీ 83, దాని 111 కలిపితే 194. అంటే మీకు కనిపించిన 200 మీటర్ల ఖాళీ దాదాపు మొత్తం అయిపోయింది.

ఇప్పుడు గేర్‌బాక్స్ అర సెకను ఆలోచించిందనుకోండి. ఆ అర సెకనులో మీరు 40 వేగంతోనే ఐదున్నర మీటర్లు, ఎదుటి కారు 11 మీటర్లు. ఇంకో పదహారు, పదిహేడు మీటర్లు పోయాయి. మన దగ్గర మిగిలింది ఆరు మీటర్లే! స్పెక్ షీట్‌లో కనిపించని ఈ అర సెకనే ఇక్కడ ప్రాణం.

ఆ ఆలస్యం ఎక్కడి నుంచి వస్తుంది? డీసీటీ 'డి' మోడ్‌లో మైలేజీ కోసం వీలైనంత పెద్ద గేరులో నడుస్తుంది. 40లో ఉన్నప్పుడు నాలుగులోనో ఐదులోనో ఉంటుంది. పైగా "ఇతను నెక్స్ట్ ఇంకా పెద్ద గేరుకి వెళ్తాడు" అని అంచనా వేసి దాన్నే రెడీ చేసి పెట్టుకుని ఉండొచ్చు. మీరు సడన్‌గా ఫుల్‌గా తొక్కితే ఆ ప్లాన్ వదిలేసి రెండుకో మూడుకో దిగాలి. అప్పుడే ఆ క్షణం ఖాళీ వస్తుంది. టర్బో ప్రెషర్ అందుకోవడానికి ఇంకాస్త.

మాన్యువల్‌లో ఈ సమస్య లేదు, ఎందుకంటే ముందున్న రోడ్డు మీకు కనిపిస్తుంది. గేర్‌బాక్స్‌కి కనిపించదు. ఓవర్‌టేక్ చేయబోయే ముందే మూడుకో రెండుకో దింపి రెడీగా ఉంటారు. కానీ ఇది చేతకాకపోతే మాన్యువల్ ఇంకా డేంజర్. ఐదో గేరులోనే ఉంచి లారీ పక్కన ఈడ్చుకుంటూ వెళ్లేవాళ్లని ఈ రోడ్డు మీద రోజూ చూడొచ్చు.

డీసీటీ తీసుకున్నవాళ్లకి పరిష్కారం చాలా ఈజీ. పక్కకి వచ్చే ముందే 'ఎస్' మోడ్‌లో పెట్టండి, లేదా ఎడమ ప్యాడిల్ రెండుసార్లు నొక్కి గేరు దింపి ఉంచండి. ఆ అర సెకను ఆలోచన లారీ వెనక ఉన్నప్పుడే అయిపోతుంది. ఆ తర్వాత డీసీటీని మాన్యువల్ అందుకోలేదు. ప్యాడిళ్లు లేని ఆటోమేటిక్‌ని పెర్ఫార్మెన్స్ కారని అమ్మితే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఈ రౌండ్: తెలిసి వాడితే డీసీటీ. 'డి'లోనే వదిలేస్తే మాన్యువల్.

పరీక్ష 2: నవమి రద్దీ, తలమీద ఎండ

శ్రీరామనవమికి మిథిలా స్టేడియంలో కల్యాణం చూడ్డానికి వచ్చే జనంతో భద్రాచలం నిండిపోతుంది. సారపాక నుంచి వంతెన దాకా బండ్లు పాకుతూ వెళ్తాయి. పైన ఎండ. కొత్తగూడెం చుట్టుపక్కల మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి.

ఇక్కడే డ్రై క్లచ్, వెట్ క్లచ్ తేడా తెలియాలి. వెట్ క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉంటుంది, వేడిని ఆ ఆయిల్ తీసుకెళ్తుంది. డ్రై క్లచ్‌కి గాలే దిక్కు. ఐ20 ఎన్ లైన్ డీసీటీ, వర్టస్ 7-స్పీడ్ డీఎస్‌జీ రెండూ డ్రై రకమే. వర్టస్‌లో వాడే డీక్యూ200 గేర్‌బాక్స్‌ని 250 ఎన్ఎం దాకా తట్టుకునేలా డిజైన్ చేశారు. 1.5 ఇంజిన్ ఇచ్చేది సరిగ్గా 250. అంటే కంపెనీ పెట్టిన గీత దగ్గరే నడుస్తోంది. అందుకే ఇంజిన్‌ని రీమ్యాప్ చేయించి 300 ఎన్ఎం చేద్దామనుకునేవాళ్లు ముందు గేర్‌బాక్స్ గురించి ఆలోచించాలి. 2025లో సుమారు 53 లక్షల ధరతో ఇండియాకి వచ్చిన గోల్ఫ్ జీటీఐకి 265 పీఎస్, 370 ఎన్ఎం ఉన్నాయి. దాంట్లో ఉన్నది వెట్ క్లచ్ డీఎస్‌జీ.

వాకింగ్ స్పీడ్‌లో పాకుతున్నప్పుడు క్లచ్ పూర్తిగా పట్టుకోదు, సగం జారుతూ ఉంటుంది. జారితే రాపిడి, రాపిడికి వేడి. ప్రాసెసర్ వేడెక్కితే ఫోన్ ఎలా స్లో అవుతుందో, డీసీటీ కూడా అలాగే తనని తాను కాపాడుకుంటుంది. ముందు డ్యాష్‌బోర్డ్ మీద హెచ్చరిక, ఆ తర్వాత కారు ఆపమని మెసేజ్. ఇది చిన్న విషయం కాదు. 2013లో చైనాలో డీఎస్‌జీ సమస్యల వల్ల ఫోక్స్‌వ్యాగన్ 3.8 లక్షలకు పైగా కార్లని రీకాల్ చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఈ యూనిట్లు చాలా మెరుగయ్యాయి. కానీ డ్రై క్లచ్‌కి వేడి పడదన్న ఫిజిక్స్ మాత్రం మారలేదు.

డీసీటీ ఉన్నవాళ్లు రద్దీలో మూడు పనులు చేయాలి. ముందు బండి రెండడుగులు కదలగానే మీరూ కదలకండి. ఒక కారు పట్టేంత గ్యాప్ వచ్చాక ఒకేసారి వెళ్లండి. ఆగినప్పుడు బ్రేక్ పూర్తిగా తొక్కి ఉంచండి, అప్పుడు క్లచ్ వదిలేస్తుంది. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో కారుని నిలబెట్టకండి, బ్రేక్ గానీ ఆటో హోల్డ్ గానీ వాడండి.

మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ మీద నడిపినా క్లచ్ కాలుతుంది. కాకపోతే వాసన మనకే ముందు తెలుస్తుంది, రిపేరు కూడా తక్కువలో అయిపోతుంది. ఎడమ కాలికి మాత్రం నరకం. పక్క సీట్లో ఉన్న నాన్నకి మోకాళ్ల నొప్పి ఉండి, ఆయన కూడా ఈ కారు నడపాల్సి ఉంటే ఆ ఒక్క కారణానికే ఆటోమేటిక్ తీసుకోవచ్చు.

ఈ రౌండ్: సుఖానికి ఆటోమేటిక్. మనశ్శాంతికి మాన్యువల్.

పరీక్ష 3: ఘాట్ దిగుడు

చింతూరు - మారేడుమిల్లి ఘాట్‌లో ఎక్కడం ఏ గేర్‌బాక్స్‌కైనా పెద్ద కష్టం కాదు. అసలు పరీక్ష దిగేటప్పుడే.

మనుషులతో, సామానుతో కలిపి 1,600 కిలోల కారు 300 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. వదిలించుకోవాల్సిన ఎనర్జీ సుమారు 47 లక్షల జౌల్స్, అంటే 1.3 యూనిట్ల కరెంటు. మన భాషలో చెప్పాలంటే 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోన్లు దాదాపు 68 ఫుల్ చార్జ్ చేయొచ్చు. ఇదంతా బ్రేక్ డిస్కుల్లోకే వేడిగా పంపితే ప్యాడ్లు కాగిపోతాయి, బ్రేక్ ఫ్లూయిడ్ మరిగే ప్రమాదం ఉంది. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది గానీ కారు ఆగదు. దీన్నే బ్రేక్ ఫేడ్ అంటారు.

అందుకే అనుభవం ఉన్న లారీ, బస్సు డ్రైవర్లు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలంటారు. చిన్న గేరులో ఉంటే ఇంజినే బండిని వెనక్కి లాగి పట్టుకుంటుంది. బ్రేక్ అవసరమైనప్పుడు మాత్రమే నొక్కుతారు.

కొందరు పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టి దిగుతారు. ఇది రెండు విధాలా నష్టం. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటర్ పెట్రోల్‌ని పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఉంటే ఇంజిన్ ఆగిపోకుండా పెట్రోల్ పోస్తూనే ఉండాలి. అంటే మిగిలేది ఏమీ లేదు, పోయేది మాత్రం కంట్రోల్.

మాన్యువల్‌లో ఇదంతా చేతిలో పని. రెండులో పెట్టి వదిలేస్తే అక్కడే ఉంటుంది. ఆటోమేటిక్‌ని 'డి'లో ఉంచి దిగితే, మీరు యాక్సిలరేటర్ తొక్కట్లేదు కాబట్టి అది పెద్ద గేరుకి వెళ్లిపోవాలని చూస్తుంది. కొన్ని కార్లు దిగుడుని గుర్తుపట్టి గేరు తగ్గిస్తాయి గానీ దాని మీదే ఆధారపడొద్దు. డీసీటీ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టి ప్యాడిల్‌తో రెండుకి దింపండి. గేరు పట్టుకుని ఉన్నంతసేపు క్లచ్ జారదు కాబట్టి, ఇంజిన్ బ్రేకింగ్ వల్ల డీసీటీ వేడెక్కుతుందన్న భయం అక్కర్లేదు. సీవీటీలో 'ఎల్' మోడ్ ఉంటే అది వాడండి.

మలుపుకి ముందు గేరు దింపేటప్పుడు డీసీటీ ఇంకో మంచి పని చేస్తుంది. ఇంజిన్ ఆర్‌పీఎం తనే పెంచి గేరు సాఫీగా కలుపుతుంది. మాన్యువల్‌లో ఇదే పని కుడి కాలితో బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ నొక్కుతూ చేయాలి. నేర్చుకుంటే ఆ కిక్కే వేరు. నేర్చుకోకుండా తడి రోడ్డు మీద రెండు గేర్లు ఒకేసారి దింపి క్లచ్ ఠక్కున వదిలితే ముందు చక్రాలు జారతాయి. నేర్చుకోవాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది. ఘాట్ రోడ్డు దానికి చోటు కాదు. ప్రతి మలుపు అవతలా ఒక బస్సో, ఆవుల మందో ఉందనుకునే నడపాలి.

ఈ రౌండ్: టై. కానీ ఆటోమేటిక్ ఓనర్ మాన్యువల్ మోడ్ వాడటం తప్పనిసరిగా తెలుసుకోవాలి.

పరీక్ష 4: సిగ్నల్ లేని చోట ఆగిపోతే

ఘాట్‌లోకి వెళ్లాక ఫోన్ సిగ్నల్ పోయే చోట్లు చాలా ఉన్నాయి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాప్ ఎంత బాగున్నా నెట్‌వర్క్ లేకపోతే అది ఒక ఐకాన్ మాత్రమే.

బ్యాటరీ డౌన్ అయిందా? మాన్యువల్ అయితే ఇద్దరు తోస్తే, రెండో గేరులో క్లచ్ వదిలి స్టార్ట్ చేయొచ్చు. ఆటోమేటిక్‌కి ఈ దారి లేదు, జంపర్ కేబుల్స్ కావాల్సిందే. తాడు కట్టి లాక్కెళ్లడం కూడా ఆటోమేటిక్‌కి మంచిది కాదు. ఎంత దూరం, ఎంత వేగం అన్నది ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ పేజీని ముందే ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

రిపేరు సంగతి కూడా అంతే. మాన్యువల్ క్లచ్ ప్లేట్ మార్చే మెకానిక్ దాదాపు ప్రతి పట్టణంలో దొరుకుతాడు. డీసీటీలోని కంట్రోల్ యూనిట్ జోలికి వెళ్లాలంటే కంపెనీ స్కానర్, ట్రైనింగ్ ఉన్న మనిషి ఇద్దరూ కావాలి. మీ బ్రాండ్‌కి అలాంటి వర్క్‌షాప్ మీ ఊరికి ఎంత దూరంలో ఉందో కారు కొనకముందే చూసుకోండి. ఆటోమేటిక్‌కి సాధారణంగా లక్ష నుంచి లక్షన్నర ఎక్కువ పెడతాం. దాంతోపాటు ఎక్స్‌టెండెడ్ వారంటీ ఖర్చుని కూడా ధరలోనే కలిపి లెక్కేసుకోవాలి.

ఈ రౌండ్: డౌటే లేదు, మాన్యువల్.

మరి ఎలక్ట్రిక్ వస్తే ఈ గొడవే ఉండదుగా?

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసు గుర్తుందా? జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన ఆ రేసులో పరుగెత్తిన కార్లకి గేర్లు మార్చే పనే లేదు. అన్నీ సింగిల్ స్పీడే. 2014లో ఫార్ములా ఈ మొదలైనప్పుడు మాత్రం కార్లకి 5-స్పీడ్ గేర్‌బాక్స్ ఉండేది. మోటార్ మొదటి క్షణం నుంచే ఫుల్ టార్క్ ఇస్తుంది కాబట్టి గేర్లు అనవసరమైన బరువని టీమ్‌లకి తర్వాత అర్థమైంది.

మన రూట్‌లో కూడా ఎలక్ట్రిక్ కారుకి ఓవర్‌టేక్‌లో ఆలస్యం ఉండదు. దిగుడులో ఆ 68 ఫోన్ల చార్జ్‌లో కొంత బ్యాటరీలోకే తిరిగొస్తుంది. ఒక్క జాగ్రత్త ఏంటంటే, బ్యాటరీ 100 శాతం నిండి ఉంటే రీజెన్ సరిగ్గా పనిచేయదు. అందుకే ఘాట్ పైన ఫుల్ చార్జ్ చేసి వెంటనే దిగొద్దు.

తమాషా ఏంటంటే హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్‌లో లేని గేర్లని ఉన్నట్టు నటించే ఫీచర్ పెట్టారు. 8-స్పీడ్ డీసీటీలా కుదుపు, సౌండ్ కూడా ఇస్తుంది. గేర్లు పోయాక కూడా వాటి ఫీల్ కోసం సాఫ్ట్‌వేర్ రాస్తున్నారంటే, మాన్యువల్ ప్రేమికులని వెనకబడ్డవాళ్లని ఎగతాళి చేయడం మానేయాలి.

ఫైనల్‌గా ఎవరికి ఏది?

మీరొక్కరే నడుపుతారు, అడవి దారులు ఎక్కువగా తిరుగుతారు, కారుని ఎనిమిది, పదేళ్లు ఉంచుకుంటారు, సర్వీస్ సెంటర్ దూరం... అయితే మాన్యువల్ తీసుకోండి. 0-100లో పోయే అర సెకను మీకు ఈ రోడ్డు మీద ఎప్పుడూ అక్కరకు రాదు.

వారమంతా హైదరాబాద్‌లో ఆఫీసు, నెలకోసారి ఖమ్మం ప్రయాణం, ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడుపుతారు, వారంటీ ఉన్నప్పుడే కారు మార్చేస్తారు... అయితే డీసీటీ. కానీ ప్యాడిళ్లు ఉన్న వేరియంటే తీసుకోండి, తీసుకున్నాక వాటిని వాడండి.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు మాత్రం ముందు మాన్యువల్ మీదే నేర్చుకోండి. మన దగ్గర లైసెన్స్‌లో గేరు ఉన్నది, లేనిది అన్న తేడా బైక్‌కే, కారుకి లేదు. అంటే ఆటోమేటిక్ మీద నేర్చుకున్నా రేపు మాన్యువల్ నడపడానికి చట్టం అడ్డు రాదు. ఘాట్ మధ్యలో స్టీరింగ్ మీ చేతికొచ్చిన రోజు మాత్రం ఎడమ కాలికి ఏం చేయాలో తెలియాలి.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు ఈ నాలుగూ చూడండి. ఒకటి, 40లో నిలకడగా వెళ్తూ, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారి ఫుల్‌గా తొక్కి ఎంతసేపటికి కదులుతుందో గమనించండి. రెండు, అదే పని ముందుగా ప్యాడిల్‌తో గేరు దింపి చేయండి. మూడు, ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆగి మళ్లీ కదిలించండి. నాలుగు, పది నిమిషాలు ట్రాఫిక్‌లో పాకించండి. షోరూం వాళ్లు ఖాళీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి తీసుకొచ్చేస్తారు. మీరు అడిగితేనే ఇవన్నీ జరుగుతాయి. పది, పదిహేను లక్షలు పెడుతున్నది మీరు కాబట్టి మొహమాటపడకుండా అడగండి.